ముళ్ళచెట్టుకు తావు ఏది?

కొన్ని మాసములకు పూర్వము ముదిగొండ నుండి మా కేంద్రమునకు ఒక ఉత్తరము వచ్చినది. వ్రాసినవారు ఒక గృహిణి. వారి మనుమడు ఇంగ్లండులో చదువుకొనుచు క్రిస్మసు పండుగకు ఒక కార్డు పంపినాడట. కార్డుపై నిగనిగలాడు ముదురాకులు, ఆకుల అంచున ముళ్ళు, నడుమ ఎర్రని పండ్ల గుత్తి. “ఈ చెట్టును మా ఇంటి ముందర పెంచవలెనని ఉన్నది. ఏ దిక్కున నాటవలెనో దయచేసి తెలుపగలరు” అన్నది మొదటి ప్రశ్న. రెండవ ప్రశ్నను ఉత్తరము చివర, అంత ముఖ్యము కాదన్నట్లు, చిన్న అక్షరములతో వ్రాసినారు. దొడ్డి హద్దు వెంబడి వారి అత్తగారు నాటిన వాకపొదల కంచె ఉన్నదట. ముళ్ళచెట్టు, పాలచెట్టు ఇంటికి కీడు గనుక కొట్టివేయుడని వాస్తు తెలిసినవారొకరు చెప్పినారట. ఎట్లాగూ కొట్టించుచున్నాము గదా, ఆ చోటనే ఈ కార్డులోని చెట్టును వేయవచ్చునా అని అడిగినారు.

మొదటి ప్రశ్నకు నేను ఉత్తరముల కార్యక్రమములో వెంటనే జవాబు చెప్పినాను. ఆ చెట్టు మన ఎండలకు బ్రతుకదు, ఆశ వదలుకొనుడని రెండు వాక్యములతో ముగించినాను. రెండవ ప్రశ్నను చదువనే లేదన్నమాట. వారము గడచిన పిదప ఉత్తరములు సర్దుచు దానిని మరల చూచి సిగ్గుపడినాను. ఇంగ్లండు చెట్టు రాకపోయినచో ఎవరికిని నష్టము లేదు. ఒక అత్తగారు పెంచిన కంచె మాత్రము గొడ్డలికి ఎదురుగా నిలిచియున్నది. వెంటనే వారికి జాబు వ్రాసి, నేను పుస్తకములు తిరుగవేయువరకు గొడ్డలికి గడువు ఇండని కోరినాను. ఆ పుస్తకములలో కనిపించినదే ఈ ప్రసంగము.

ముదిగొండ అనగానే చరిత్ర చదివినవారికి ముదిగొండ చాళుక్యులు జ్ఞప్తికి వత్తురు. వేంగీ చాళుక్యులకు సామంతులై, మంచికొండనాటిని ఏలి, 12వ శతాబ్దిలో కాకతీయుల విజృంభణముతో మరుగుపడిన వంశమది. తొలినాటి తెలుగు గద్యమునకు ఉదాహరణముగా పండితులు చూపు కొరవి శాసనము వారి కథకు సంబంధించినదే. ఆ వంశమున పలువురు రాజులకు కుసుమాయుధుడని పేరు. పూలే ఆయుధములైనవాడు అని అర్థము. పూలరాజు ఏలిన ఊరినుండి ముళ్ళచెట్టును గూర్చి ప్రశ్న వచ్చుట నాకు వినోదముగా తోచినది. ఇక విషయమునకు వత్తును.

కార్డులోని చెట్టు పేరు హాలీ. మన హోళీ పండుగకును దీనికిని సంబంధము లేదు. పశ్చిమ, దక్షిణ యూరపు దేశములు దాని పుట్టినిల్లు. సముద్రపు గాలి తగులుచు, చలియు ఎండయు మితముగా నుండు సీమ దానికి కావలెను. నీరు నిలువక, తేమ ఆరక, కొంచెము ఆమ్లగుణము గల నేల కావలెను. అరనీడనైనను బ్రతుకును గాని ఎండ తగిలినచోటనే పండ్లు మెండు. ఒకసారి వేరూనిన పిమ్మట పెకలించి మరొకచోట నాటిన సహింపదు. కనుక తావును ఎంచుట మొదటనే జరుగవలెను. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి, ఈ జాతిలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. తేనెటీగలు తిరుగునంత దూరములో మగచెట్టు లేనిదే ఆడచెట్టునకు ఎర్రపండ్లు రావు. తాటివనముల నడుమ పెరిగిన ఖమ్మం జిల్లావారికి ఇది విప్పి చెప్పనక్కరలేదు. పోతుతాడు కల్లునిచ్చును గాని కాయ కాయదు గదా!

ఆకు ముళ్ళను గూర్చియు ఒక చిత్రమున్నది. పెరిగిన చెట్టులో క్రింది ఆకులకే ముళ్ళు ఎక్కువ. జింకలకును మేకలకును అందని పైకొమ్మల ఆకులు తరచుగా నున్నగా నుండును. మేత జంతువులు కొరికినచోట కొత్తగా వచ్చు ఆకులకు ముళ్ళు అధికమగుచున్నవని స్పెయిన్ దేశపు శాస్త్రజ్ఞులు ఈ శతాబ్దములోనే పరిశీలించి చెప్పినారు. ముల్లు ఎక్కడ ఉండవలెనో చెట్టునకే తెలియునన్నమాట.

హాలీకి దాయాదులైన చెట్లు మన దేశమున లేకపోలేదు. హిమాలయముల వాలులలో ఒకటి, నీలగిరుల షోలా అడవులలో ఒకటిరెండు కలవు. అన్నియు చల్లని కొండలను ఆశ్రయించినవే. వేసవి తాపము 45 డిగ్రీలు దాటుట ఖమ్మం, కొత్తగూడెము వారికి కొత్త కాదు. అట్టిచోట హాలీని ఈశాన్యమున నాటినను నైరృతిన నాటినను ఒక్కటే. నా మొదటి జవాబు అంతవరకు తప్పు కాదు.

అయితే ఇంటిదగ్గర ముళ్ళచెట్టు ఉండవచ్చునా అన్న ప్రశ్న హాలీతో ముగియదు. దీనిపై రెండు ప్రాచీన గ్రంథములు రెండు విరుద్ధమైన మాటలు చెప్పినవి. మొదటిది రోమనుల నాటిది. క్రీ.శ. 79లో వెసూవియసు అగ్నిపర్వతము బ్రద్దలైనప్పుడు మరణించిన ప్లినీ 37 భాగములుగల ప్రకృతిచరిత్రను వ్రాసినాడు. ఇంటిలోగాని పొలపుటింటగాని హాలీని నాటినచో చేతబడులు దరిచేరవని అందులో చెప్పినాడు. ముల్లు ఇంటికి కాపలా అని ఆ నమ్మిక. ఇంగ్లండు పల్లెలలో ఆ చెట్టు పిడుగును తప్పించునని నమ్మి ఇంటి ప్రక్కనే నాటుకొనుట తరతరములుగా సాగినది.

రెండవది మనది. 6వ శతాబ్దిలో అవంతీదేశమున నుండిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వాస్తువిద్యకు ఒక అధ్యాయమును, నేలలోని నీటిజాడలకు ఒకటి, వృక్షాయుర్వేదమునకు ఒకటి కేటాయించినాడు. వాస్తువిద్యలో ఆయన చెప్పిన మాట ఇది: ఇంటికి దగ్గరగానున్న ముళ్ళచెట్లు శత్రుభయమును కలిగించును, పాలుగారు చెట్లు ధనమును నశింపజేయును, పండ్లచెట్లు సంతానమునకు హాని. వాటి కలపయు ఇంటికి పనికిరాదు.

ముదిగొండ గృహిణికి సలహా చెప్పిన పెద్దమనిషి ఈ మాటను ఎవరివలననో విని ఉండును. వినుటలో తప్పు లేదు. పైగా మన వాక ఈ మూడు నిషేధములకును గురియగు చెట్టు! దానికి జంటజంటలుగా వాడియైన ముళ్ళు కలవు. ఆకు త్రుంచినను కాయ కోసినను తెల్లని పాలు కారును. వానకాలమున గుత్తులు గుత్తులుగా కాయ కాయును. వరాహమిహిరుడు కన్నెర్ర చేయుటకు ఇంతకంటె ఏమి కావలెను?

కాని గ్రంథమును ఒక శ్లోకముతో మూసివేయరాదు. మొదటి సంగతి, ఆయన నిషేధించినది చెట్టును కాదు, సామీప్యమును. దగ్గరనున్నవి అనియే ఆయన మాట. దొడ్డి చివర హద్దుపై నున్నవాటిని గూర్చి ఆ మాట చెప్పలేదు. రెండవ సంగతి, ఆ వెంటనే ఆయన ఒక మినహాయింపు నిచ్చినాడు. అట్టి చెట్లను కొట్టివేయనిచో, వాటికిని ఇంటికిని నడుమ మంచివాటిని నాటవలెనన్నాడు. పొన్న, అశోకము, వేప, పొగడ, పనస, జమ్మి, సాలము ఆయన చెప్పిన మంచి చెట్లు. ఈ పట్టికను కొంచెము నిదానించి చూడుడు. జమ్మికి ముళ్ళు లేవా? దసరానాడు జమ్మి ఆకు కోయబోయి వ్రేలు గీరుకొనని తెలంగాణము బిడ్డ ఉన్నాడా? 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రమునకు అదియే రాష్ట్రవృక్షము. ఇక పనసకు పాలు కారవా? పనస ఫలవృక్షము కాదా? ముళ్ళును పాలును ఫలమును దోషములని చెప్పిన నోటనే ముళ్ళుగల జమ్మిని, పాలును పండ్లును గల పనసను దోషపరిహారమునకు నాటుమన్నాడు. గ్రంథకర్త మరపున పొరపడినాడని నేను అనుకొనను. చెట్టు స్వభావమునుబట్టియు దూరమునుబట్టియు ఆలోచింపుమని ఆయన ఉద్దేశమనియే నాకు తోచుచున్నది.

దిక్కుల సంగతియు అట్టిదే. జువ్వి దక్షిణమున, మర్రి పడమట, మేడి ఉత్తరమున, రావి తూర్పున ఉండరాదని చెప్పి, అవే చెట్లు జువ్వి ఉత్తరమున, మర్రి తూర్పున, మేడి దక్షిణమున, రావి పడమట ఉన్నచో శుభమన్నాడు. ఒకే చెట్టు ఒక చోట దోషము, మరొక చోట గుణము. ఈ దిక్కులకు హేతువులు వెదకుటలో నాకు ఆసక్తి లేదు. ఎవరి నమ్మిక వారిది. వృక్షాయుర్వేదాధ్యాయము మాత్రము నమ్మికతో పనిలేనిది. చెట్లకు మెత్తని నేల మంచిది. అందు మొదట నువ్వులు చల్లి, పూతకు వచ్చినప్పుడు నేలలోనే త్రొక్కించవలెను. నేటి వ్యవసాయశాఖవారు పచ్చిరొట్ట ఎరువని బోధించునది ఇదియే గదా. చెట్టునకును చెట్టునకును ఇరువది మూరల ఎడము ఉత్తమము, పదునారు మధ్యమము, పండ్రెండు అధమము. వేళ్ళు పెనగొని, కొమ్మలు రాచుకొను చెట్లు సరిగా కాయవు. నేరేడు, కడిమి, మేడి, తెల్లమద్ది, దానిమ్మ, పనస మొదలగు పదునారు తేమనేలకు తగినవని వేరుచేసి చెప్పినాడు. తావును ఎంచుట యనగా నేలను, నీటిని, ఎడమును చూచుట అని దీనివలన తెలియుచున్నది.

మన ఇళ్ళలో ఈ లెక్క పుస్తకములు లేకయే సాగినది. వేప వాకిట, తులసి కోటలో, కరివేప పెరట బావి నీరు పారుచోట. మునగను ఇంటిముందర వేయరాదందురు. అది అపశకునమని చెప్పుదురు గాని, మునగ కొమ్మ పెళుసు, ఎక్కిన పిల్లవాడు కొమ్మతోసహా క్రిందపడును. పైగా వానకాలమున మ్రానికి గొంగళిపురుగులు పట్టును. గడపదగ్గర అవి ఎవరికి కావలెను? అపశకునము అన్న ఒక్క మాటతో ఇంత వివరమును పిల్లలకు చెప్పివేసినారు. ముళ్ళచెట్లను గూర్చిన శత్రుభయమునకును ఇట్టి మూలమే ఉండవచ్చునని నా ఊహ. గుమ్మము ప్రక్కన దట్టమైన ముళ్ళపొద ఉన్నచో పాము దాగును, దొంగయు దాగును, ఆడుకొను పిల్లవాని కంటికి ప్రమాదము. అదే పొద చేని గట్టుపై నున్నచో పశువును ఆపును. కంచెయే చేను మేసిన నేమి చేయుదుమను సామెత మనకున్నది. వాకకంచెను మేయుట మేకకును అంత సులభము కాదు.

హద్దుపై నిలిచిన ముల్లునకు ఇంగ్లండులో ఒక ప్రసిద్ధమైన కథ కలదు. జాన్ ఎవ్లిన్ అను పెద్దమనిషి 1664లో వృక్షములను గూర్చి సిల్వా అను గ్రంథమును ప్రకటించినాడు. లండను సమీపమున డెట్‌ఫర్డులో ఆయనకొక తోట ఉండెను. ఆ తోటలో 400 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తు, 5 అడుగుల దళసరి గల హాలీకంచెను పెంచి, దానిని తన గ్రంథములో ఎంతయో మురిసి వర్ణించినాడు. 1698లో రష్యా చక్రవర్తి పీటరు ఓడల నిర్మాణము నేర్చుకొనుటకు వచ్చి ఆ ఇంట విడిది చేసినాడు. ఆయనను ఒంటిచక్రపు తోపుడుబండిలో కూర్చుండబెట్టి అనుచరులు కంచెలోనికి తోయుట వారికి నిత్యవినోదమై, కంచె ధ్వంసమైనదని చెప్పుకొందురు. ఇల్లును తోటను పాడుచేసినందుకు ప్రభుత్వము నష్టపరిహార మిచ్చుట మాత్రము చరిత్ర. ఏ ముల్లును చక్రవర్తిని ఆపజాలదు గాబోలు!

మన దేశమున ముళ్ళకంచె కథ ఇంత నవ్వుతాలు కాదు. అందు మన వాకకును భాగమున్నది. 19వ శతాబ్దిలో ఉప్పుపన్ను ఎగవేయకుండ ఆపుటకు ఇంగ్లీషు ప్రభుత్వము సింధునది మొదలు మహానది దిక్కునకు ఒక సుంకపు రేఖను నడపినది. ఒక దశలో దాని పొడవు సుమారు 2,300 మైళ్ళు. కాపలావారు సుమారు 12,000 మంది. మొదట ఎండుముళ్ళు పేర్చినారు. చెదలు, నిప్పు, గాలివాన వాటిని నిలువనీయలేదు. 1867లో ఆ శాఖకు అధికారియై వచ్చిన అల్లన్ ఆక్టేవియన్ హ్యూము సజీవమైన కంచెను పెంచించుటకు పూనుకొన్నాడు. తరువాత 1885లో కాంగ్రెసు మహాసభ స్థాపనకు మూలపురుషుడైన హ్యూము ఇతడే! ఏ నేలకు, ఎంత వర్షమునకు ఏ ముళ్ళచెట్టు తగునో ఇతడు ప్రయోగములు చేయించినాడు. రేగు, తుమ్మ, వాక, జెముడు ముఖ్యముగా నిలిచినవి. మరేదియు మొలవని చోట నాగజెముడు. నేల చెడ్డదైనచోట మట్టిని త్రవ్వి తీసి మంచి మట్టి పోయించినారు. వరద వచ్చుచోట గట్టు కట్టి దానిపై నాటించినారు. తోటపని దృష్టితో చూచినచో దీనికి వంక పెట్టుటకు లేదు. వరాహమిహిరుడును మెచ్చుకొనియుండును. కాని ఆ కంచె నిలిచినది బీదవాని అన్నమునకును ఉప్పునకును నడుమ. 1879 ఏప్రిల్ 1వ తేదీన ఆ రేఖను ఎత్తివేసినారు. కంచె ఎండి, పొలములలో కలిసిపోయి, దాని సంగతియే జనులు మరచినారు. రాయ్ మాక్స్‌హామ్ అను ఇంగ్లీషువాడు దాని జాడలు వెదకి 2001లో పుస్తకము ప్రకటించువరకు చదువుకొన్నవారికిని అది తెలియదు. సుంకపురేఖ మన తెలుగు సీమలోనికి రాలేదు గనుక మన పెద్దల నోట ఆ కథ లేదు.

తెలుగు సీమ వాకకు వేరొక గౌరవము దక్కినది. కాకినాడ సమీపమున సామర్లకోటలో 1781 నుండి 1793 వరకు విలియం రాక్స్‌బర్గ్ అను స్కాట్లండు వైద్యుడు కంపెనీ కొలువులో ఉండి తోటను పెంచినాడు. రాజమహేంద్రవరపు కొండలలో మిరియపు తీగలను చూచి, మలబారును మించవలెనని మైదానమున నాటించినాడు. ఆ వ్యాపారము నిలువలేదు. కొండతీగ కొండనే కోరినది. 1787 నాటి తుఫానులో ఆయన పుస్తకములు, సేకరించిన మొక్కలు కొట్టుకొనిపోయినవి. అయినను మన చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించి, వాటి తెలుగు పేర్లను అడిగి తెలిసికొని వ్రాసినాడు. 1795 మొదలు 1820 వరకు వెలువడిన ఆయన కోరమాండల్ తీరపు వృక్షముల గ్రంథములో 300 చిత్రములు కలవు. వాక వాటిలో ఒకటి.

ఈ గ్రంథముల నడుమ వెదకుచుండగా నన్ను ఆపివేసిన సంగతి ఒకటి కనబడినది. మన దేశమున నుండిన ఇంగ్లీషువారు వాకకు క్రీస్తుముల్లు అని పేరు పెట్టుకొన్నారు. డేనిషు భాషలో హాలీకి వాడుకలోనున్న పేరును అదే, క్రీస్తుముల్లు! కార్డుపై ముద్రించిన చెట్టును, దానికి తావిచ్చుటకై కొట్టివేయదలచిన చెట్టును ఒకే పేరుతో పిలువబడుచున్నవి. కులమునుబట్టి చూచినచో వీటికి చుట్టరికము లేదు. వాక మన నందివర్ధనము, గన్నేరుల కుటుంబమునకు చెందినది. రూపమున మాత్రము దగ్గరి పోలిక. ఏడాది పొడవునను రాలని నిగనిగలాడు ఆకు, ముల్లు, ఎరుపెక్కు పండు. పైగా వాకపూవు తెల్లగా, మల్లెను తలపించు పరిమళముతో నుండును. ఒకే పూవులో రెండు లింగములును ఉండుటవలన హాలీకివలె మగచెట్టును వెదకి తెచ్చి నాటు శ్రమయు లేదు. పప్పులోనికి, పులిహోరలోనికి, పచ్చడికి పనికివచ్చును. హాలీపండు నోట పెట్టరానిది, తిన్నచో వాంతులగును.

కనుక ముదిగొండవారికి నేను ఆలస్యముగా వ్రాసిన సమాధానము ఇది. అత్తగారు తావును సరిగానే ఎంచినారు. వాకకు పగలంతయు ఎండ తగులుట మేలు. హద్దున మీద నీడ పడదు. చవుడు, రాయి, ఎర్రచెలక, ఏదైనను దానికి సమ్మతమే. నిలువనీరు ఒక్కటే గిట్టదు. సాగరు ఎడమకాలువ నీరు వచ్చిన పిమ్మట ఖమ్మం ప్రాంతమున ఒకప్పటి మెట్టచోట్లు కొన్ని వానకాలమున చెమ్మగిలుచున్నవి. కంచెలో పల్లపు కొసన పొదలు వడలుచున్నచో వాస్తు కారణము కాదు. ప్రక్కన చిన్న కాలువ త్రవ్వి నీటిని మళ్ళించిన చాలును. ఖాళీలు పూరించుటకు పండిన కాయల గింజలను తీసిన వెంటనే వానకాలములోనే నాటవలెను. దాచిన గింజ మొలవదు. రెండేసి మూరల ఎడముతో నాటిన కంచె కలిసికొనును. గడపకు, పిల్లల ఆటచోటికి, బట్టలారవేయు దండెమునకు దగ్గరగా మాత్రము ఒక్క పొదయు వలదు. శాస్త్రమును పాటింపవలెనని ఇంటివారికి మనసైనచో, కంచెకును ఇంటికిని నడుమ ఒక పొగడనో వేపనో నాటుడు. ఆ శాస్త్రకారుడు చెప్పినదే అది.

శ్రావణమాసములో వారి జవాబు వచ్చినది. గుమ్మము ప్రక్కన దానంతట అది మొలచిన ఒక్క పొదను తీయించి, హద్దు కంచెను ఉంచినారట. నడుమ పొగడ మొక్క దొరకక వేపను నాటినారట. మనుమడు కంచె ఫోటో అడిగినాడట. కొమ్మలు ఎప్పుడు కత్తిరింపవలెనని అడిగినారు. కాయకోత పూర్తియైన పిమ్మట, కొత్త చిగురు రాకమునుపు కత్తిరింపవలెను. చేతులకు మంచినూనె రాసికొని కత్తి పట్టినచో పాలజిగురు అంటుకొనదు.